మూల చింపిన కాగితం

కిందటి వారం మేము ఎప్పుడూ వాడే టూత్‌పేస్టు అయిపోయిందని దుకాణంలో ఇంకో రకం ఇచ్చారు. పొద్దున పెరట్లో నిలబడి దాన్ని బ్రష్షు మీద పెట్టుకుని నోటి దాకా తెచ్చాను. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే బ్రష్షు గట్టు మీద పెట్టేసి లోపలికి వచ్చాను. ఇంట్లో వాళ్లు నవ్వారు. టూత్‌పేస్టుకు భయపడే మనిషిని వాళ్లెక్కడా చూడలేదట. జైల్లో తెల్లరంగు సులువుగా దొరకదని, బొమ్మలు వేసే ఖైదీలు తెలుపు కావలసిన చోట టూత్‌పేస్టు పూస్తారని, అది ఎండి పెచ్చులు కట్టాక కూడా ఏళ్ల తరబడి వాసన కాగితాన్ని వదలదని వాళ్లకేం తెలుసు. ఆ వాసన నిండిన గదిలో నేను రెండేళ్లు పనిచేశాను. ఆ గది జహంగీర్ సార్‌ది.

సార్‌ను మీరెవరూ చూసి ఉండరు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీది నుంచి లోపలికి పోయే ఒక సందులో ఆయన ఇల్లు. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో డ్రాయింగు మాస్టరు. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్ల లాల్చీ, దాని జేబుకు ఎప్పుడూ ఒక రంగు మరక. రిటైరయ్యాక వారానికోసారి జైలుకు వెళ్లి ఖైదీలకు బొమ్మలు నేర్పేవారు. మోకాళ్ల నొప్పులొచ్చి వెళ్లడం మానేశాక ఆ ఖైదీలు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. జైలు ముద్ర కొట్టిన ఉత్తరాలు, వాటిలో మడిచిన బొమ్మలు. ఆయన ఒక్క ముక్క కూడా పారేయలేదు. రానురాను అది వ్యసనమైంది. పేపర్లో పేరు మోగిన నేరస్థుడు ఎవడైనా కనిపిస్తే చాలు, అతనికి తానే ఉత్తరం రాసి, బొమ్మ వేసి పంపమని అడిగేవారు. నేను చేరేనాటికి మూడు ఇనుప బీరువాలు నిండాయి. ఆయన భార్య ఆ గది గడప తొక్కేది కాదు. చాయ్ కప్పు గుమ్మం బయటే కింద పెట్టి, గాజులు గలగలమనిపించి వెళ్లిపోయేది.

నాది మంచాల. మా నాన్న అక్కడ టైలరు. డిగ్రీ పూర్తయి పరీక్షలకు ఫారాలు నింపుకుంటూ కూర్చున్న రోజుల్లో, సార్‌కు తన కాగితాలన్నిటికీ కంప్యూటర్లో ఒక జాబితా తయారు చేసే మనిషి కావాలని తెలిసి వెళ్లాను. ఏం కాగితాలో నాకు తెలియదు. బడి కాగితాలనుకున్నాను. మొదటిరోజు సార్ ఒక చిలక బొమ్మ నా ముందు పెట్టి, కనిపించింది కనిపించినట్టు రాయమన్నారు. పచ్చ చిలక, జామపండు పక్కన, చాలా ముద్దుగా ఉంది. వేసినవాడెవరో ఈకలు ఒక్కొక్కటీ ఓపికగా గీశాడు. "మెత్తని మనసున్న మనిషి వేసినది" అని కూడా ఉత్సాహంగా రాశాను. సార్ చదివి మీసాల చాటున నవ్వి, "ఇప్పుడు ఎనకకు తిప్పు" అన్నారు.

వెనక ఆయన చేతిరాతతో ఉంది. ఆ మనిషి తన తోడబుట్టినవాణ్ణి, వదినెను, వాళ్ల పిల్లలిద్దరినీ ఏ విధంగా చంపాడో నాలుగు వరుసల్లో ఉంది. బొమ్మ నా చేతిలోంచి జారి కిందపడింది. తీసి ఇవ్వడానికి కూడా వేళ్లు ముందుకు పోలేదు.

"అందరు గట్లనే పడేస్తరు బేటీ," అన్నారు సార్ దాన్ని తీసుకుని దుమ్ము దులుపుతూ. "మొదలు బొమ్మ చూడాలె, తర్వాత పేరు చూడాలె. ఎనక మొదలు చూస్తే ముందట ఏమున్నదో కనవడది."

ఆయన మాటలో నిజం లేకపోలేదు. కానీ నిజం చెప్పాలంటే ఆయనకు ఆ ఆట ఇష్టం. పట్నం నుంచి ఎవరైనా చూడటానికి వస్తే అందరితోనూ అదే ఆట ఆడేవారు. ముందు మెచ్చుకోనిచ్చి, తర్వాత వెనక్కి తిప్పించి, వాళ్ల ముఖాలు పాలిపోవడం చూసేవారు. మంచి మనిషే, అయినా అదొక్కటి ఉండేది. నా ముఖం మాత్రం మొదటిరోజు పాలిపోయింది పాలిపోయినట్టే ఉండిపోయింది. బస్సులో ఇంటికి పోతూ, పక్క సీట్లో కూర్చున్న మనిషి చేతుల్ని చూసేదాన్ని. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఆ చిలక ఈకలు గుర్తొచ్చేవి. నాన్నతో రిటైర్డు సారు దగ్గర టైపింగు పని అని చెప్పాను, ఏం టైపు చేస్తున్నానో చెప్పలేదు. మానేయవచ్చు కదా అంటారేమో. మానేస్తే పని చేతకాక వచ్చేశానని అందరూ అనుకుంటారని మానలేదు. నా పిరికితనంలో ఇదీ ఒక రకమే.

వాళ్లందరిలోకీ నన్ను ఎక్కువ భయపెట్టినవాడు కడీల మల్లేశు. ఆ పేరు పేపర్లవాళ్లు పెట్టింది. బొంగులూరు వైపు కొత్త వెంచర్లు లేస్తున్న రోజుల్లో, ప్లాట్ల చుట్టూ పాతే రాతి కడీలు ఎక్కడ చూసినా ఉండేవి. బోరు మోటార్ల రాగి తీగ కోసం మల్లేశు ముగ్గురు వాచ్‌మన్లను విరిగిన కడీ ముక్కతో కొట్టి చంపాడు. నేను అప్పుడు బడిలో ఉన్నాను. సాయంత్రం కాగానే మా ఊళ్లో తలుపులు మూసుకునేవారు. ఆయన యావజ్జీవ శిక్షలో పన్నెండేళ్లు గడిచాక, ఆయన బొమ్మలకు నేను నంబర్లు వేయాల్సి వచ్చింది. అన్నీ ఒకటే బొమ్మ. ఒక చిన్న ఇల్లు, దాని చుట్టూ కడీలు, కడీలకు టూత్‌పేస్టు తెలుపు. ఎక్కడా గేటు ఉండదు. నలభై బొమ్మలు వెతికాను, ఒక్కదాంట్లోనూ లోపలికి దారి లేదు.

మల్లేశుకు చదువు అంతంత మాత్రం. ఉత్తరాలు తోటి ఖైదీ ఒకతను రాసిపెట్టేవాడు. ఏ ఉత్తరంలోనైనా ఒక్కటే సంగతి, మా అమ్మ ఎట్లున్నది. ఆమె పేరు లచ్చవ్వ, మంచాల దాటాక మూడు కిలోమీటర్ల అవతల ఒక చిన్న ఊళ్లో ఒక్కతే ఉంటుంది. కొడుకు పేరు చెప్పుకుంటే ఎవరూ ముఖం చూడని మనిషి. ఫోను లేదు, ఉన్నా చేసేవాళ్లు లేరు. అందుకని సార్ రెండు నెలలకోసారి మోకాళ్లు పట్టుకుంటూ బస్సెక్కి వెళ్లి ఆమెను చూసి, మాట్లాడి, వచ్చి మల్లేశుకు రాసేవారు. మీ అమ్మ బాగున్నది, ఎడమ కంటికి మసక ఉన్నది, కోడిపిల్లలు ఆరు ఉన్నవి, నిన్ను అడిగింది. ఇలా కోడిపిల్లల లెక్కతో సహా ఉండేది. నేను ఒకసారి నవ్వుతూ, ఎప్పుడూ ఇదే కదా సార్, పోయినసారి రాసిందే మళ్లీ రాస్తే ఏమవుతుంది అన్నాను.

సార్ నవ్వలేదు. "ఆయనకు ఆమెను చూసే కన్ను నాదొక్కటే. చూడకుంట రాస్తే నేను ఆయన కన్ను పొడిచినట్టే," అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు సార్‌కు కంటికి ఆపరేషను పడింది. పట్నం దవాఖానలో చేరేముందు నన్ను పిలిచి, లచ్చవ్వను చూసి మల్లేశుకు జవాబు రాయమన్నారు. "మీ ఊరి పక్కనే గద. పోయిరా. ముసలామె, ఏం జేస్తది నిన్ను," అన్నారు. సరే అన్నాను. మంచాలలో దిగాల్సిన బస్సులోనే కూర్చుని ఆ ఊరి దాకా వెళ్లాను. గడ్డి కోసుకుంటున్న ఒక ఆమెను ఇల్లు ఎక్కడని అడిగితే, కొడవలి ఆపి, "కడీల మల్లేశు ఇల్లా? నీకేం పని?" అని నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపుతోనే సగం చచ్చాను. ఏం లేదని చెప్పి ముందుకు నడిచాను. మలుపు తిరగగానే ఇల్లు కనిపించింది. అది బొమ్మలోని ఇల్లే. అదే వంగిన కప్పు, అదే చిన్న అరుగు, చుట్టూ అవే రాతి కడీలు. నాకు నంబర్లు తెలిసిన నలభై కాగితాలూ నా ముందు నిజమై నిలబడ్డాయి. ఒక పక్క ముళ్లకంప అడ్డం పెట్టిన సందు ఉంది, కాళ్లు అక్కడి దాకా వెళ్లి ఆగిపోయాయి. లోపల చీకటిగా ఉంది. ఆ చీకట్లోంచి "ఎవలది?" అని ఒక గొంతు వచ్చింది. మళ్లీ వచ్చింది. నేను వెనక్కి తిరిగి, రోడ్డు మీదికి వచ్చేదాకా ఆగలేదు. చెప్పు ఒకటి తెగిపోయింది, దాన్ని చేత్తో పట్టుకుని బస్సెక్కాను.

ఇంటికి వచ్చాక, సిగ్గుతో, ఆ సిగ్గును త్వరగా వదిలించుకోవాలని, ఆ సాయంత్రమే జవాబు రాశాను. సార్ కాగితాలు దగ్గర లేవు. నాన్న దుకాణం ప్యాడు ఉంది. "మీ అమ్మను చూసినము. బాగున్నది. నిన్ను అడిగింది" అని సార్ మాటలే రాశాను. కోడిపిల్లలు కూడా ఆరు అనే రాశాను. మడవబోతుంటే కాగితం కుడి మూలన నాన్న పేరు, ఊరు, ఫోను నంబరు అచ్చువేసి ఉండటం కనిపించింది. ఆ మనిషి చేతుల్లోకి మా నాన్న పేరు వెళ్తుందా? ఆ మూల గట్టిగా పట్టుకుని చింపేశాను. పొడిపొడి చేసి పొయ్యిలో కూడా వేశాను. మిగతా కాగితం కవరులో పెట్టి, కవరు మీద పంపినవారి చోట సార్ చిరునామా రాసి, మర్నాడు పోస్టు చేశాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

చావు కబురు రాసే కార్డుకు మూల చింపుతారన్న సంగతి నాకు తెలియదని కాదు. నాయనమ్మ చెప్పగా విన్నాను. కానీ నాకు ఊహ తెలిసేటప్పటికి చావు కబుర్లన్నీ ఫోనులోనే వచ్చాయి. మూల చింపిన ఉత్తరం నేను కళ్లతో చూడలేదు. అందుకే చేతికి గుర్తు రాలేదు.

పదిహేను రోజులకు జైలు నుంచి ఉత్తరం వచ్చింది. సార్ అప్పటికి ఇంటికి వచ్చి నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు, చదవమని నాకిచ్చారు. మల్లేశు కోసం ఉత్తరాలు రాసే ఖైదీ తనంతట తాను రాసింది. నేను పైకి చదువుతూ పోయాను. మల్లేశు మీ ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఎవరితో మాట్లాడలేదు, మూడో రోజు మంగలిని అడిగి గుండు కొట్టించుకుని మీసాలు తీయించుకున్నాడు, అమ్మ పేరు మీద నీళ్లు విడిచాడు. ఆమె ఎప్పుడు చనిపోయిందో, ఎవరు మట్టి చేశారో తెలుపగలరు. అంతవరకు చదివి ఆగిపోయాను.

"బాగున్నదని రాయలేదా నువ్వు?" అన్నారు సార్.

"బాగున్నదనే రాసిన సార్."

"మరి?"

కిందికి చూశాను. ఉత్తరం చివర ఉంది. జైలోళ్లు చదువుతరని పైకి బాగున్నదని రాసిండ్రు, మూల చింపి నాకు తెలిపిండ్రు అని మల్లేశు అంటున్నాడు. అదీ పైకి చదివాను. సార్ నల్లద్దాలు తీశారు. డాక్టరు తీయొద్దన్నాడని కూడా చూడలేదు.

"మూల ఎవలు చింపిండ్రు?"

చెప్పాను. నాన్న పేరు కనిపించకూడదని చింపానని చెప్పాను. ఆయన ఉత్తరం నా చేతిలోంచి తీసుకున్నారు. తర్వాత మెల్లగా, "ఆమెను చూసినవా?" అని అడిగారు. "చూసిన సార్" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన వెంటనే జైలుకు ఫోను చేయించారు, లచ్చవ్వ బతికే ఉందని మల్లేశుకు చెప్పమన్నారు. మర్నాడు నల్లద్దాలతోనే బస్సెక్కారు. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

"పడి తుంటి ఎముక ఇరిగిందంట. నెల దినాలైంది," అన్నారు చెప్పులు విడుస్తూ. "పక్కింటామె గంజి పోస్తుంటే బతుకుతున్నది. ఒకదినం కంప కాడ అలికిడైతే ఎవలని పిలిచిందంట, రెండుమాట్లు. ఎవ్వలు రాలేదన్నది." అంతే అన్నారు. నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయారు. నన్ను తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. ఆ అవకాశం ఆయన ఇవ్వలేదు.

లచ్చవ్వను సార్ దవాఖానలో చూపించి, ఆ కాగితాలు పెట్టి మల్లేశుకు పెరోల్ కోసం అర్జీ రాశారు. నేనే టైపు చేశాను. ఒక్కో అక్షరం కొడుతూ, ఇది రాకూడదు, తోసేయాలి అని మనసులో మొక్కుకున్నాను. మూడు వారాల్లో మంజూరైంది. పదిహేను రోజులు. అప్పటి నా భయం ఎట్లా చెప్పను. బతికున్న తల్లికి ఆ మనిషి చేత నీళ్లు విడిపించాను. మూల చింపింది ఎవరని ఆయన అడగడా? అడిగితే సార్ చెప్పరా? ఆయన ఉండబోయే ఊరు మా ఇంటికి మూడు కిలోమీటర్లు. నాన్న దుకాణంలో ఒంటరిగా కూర్చుని మిషను తొక్కుతుంటే, వెనక నుంచి నాన్న మెడ కనిపించేది నాకు. నాన్నకు చెప్పలేను. ఇంట్లో ఉండలేను. చివరికి అన్నిటికంటే సార్ గదే నయమనిపించి, మల్లేశు విడుదలయ్యే రోజు పొద్దున్నే ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. అది ఎంత తెలివితక్కువ లెక్కో పదకొండు గంటలకు తెలిసింది.

బయట గేటు చప్పుడైంది. "సార్" అని ఒక మగగొంతు పిలిచింది. సార్ లేచి నాతో, "ఆయనే," అన్నారు. నేను బీరువాల వెనక చిన్న అర ఉంటే అందులోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను. తలుపు సందులోంచి మల్లేశు కనిపించాడు. పేపర్లోని ఫొటో కంటే చాలా చిన్నగా ఉన్నాడు. మీసం లేదు. గుండు, మీసం మళ్లీ తీయించుకున్నట్టున్నాడు, తల మీద బియ్యపు గింజంత వెంట్రుకలే ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి. కుర్చీ చూపిస్తే కింద కూర్చున్నాడు.

"నిజంగ ఉన్నదా సార్?" అన్నాడు మొదటి మాటగా.

"ఉన్నది మల్లేశు. నేను చూసిన."

"నువ్వు నా మీది ప్రేమ, పావురంతోని చెప్తున్నవేమో అనుకున్న. పెరోల్ గూడ దినాలు చెయ్యనీకి ఇచ్చిండ్రనుకున్న. బస్సుల గూసున్నంక గూడ అదే. ఇంటికి పోతే లేకుంటే ఎట్ల అని ఈడ దిగిన." సంచి ఒళ్లోకి తీసుకున్నాడు. "మూల ఎవలు చింపిండ్రు సార్?"

నేను ఊపిరి బిగబట్టాను. సార్ గొంతు వినిపించింది. "నేనే. కండ్లు కనవడక."

మల్లేశు తల అడ్డంగా ఊపాడు. "నీ రాత నాకు తెల్వదా సార్. అది నీది గాదు." ఆయన చూపు మెల్లగా గదంతా తిరిగి అర తలుపు మీదికి వచ్చి ఆగింది. "లోపల ఎవలో ఉన్నరు. భయపడ్డోళ్ల ఊపిరి నాకు ఎరుకే."

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట ఆయనకు ఎట్లా ఎరుకో నాకు తెలుసు, ఆ ముగ్గురు వాచ్‌మన్ల సంగతి నేనే టైపు చేశాను. లోపల ఉంటే ఆయనే వచ్చి తలుపు తీస్తాడు. అది ఊహించలేకే నేనే తలుపు తీసుకుని బయటికి వచ్చాను, ధైర్యంతో కాదు.

"నేనే చింపిన," అన్నాను. "అండ్ల మా నాయిన పేరున్నదని."

"ఏ ఊరు?"

ఏ మాట ఆయనకు తెలియకూడదని అదంతా చేశానో ఆ మాటే అడిగాడు. సార్ వైపు చూశాను. ఆయన నా తరఫున ఇంకో అబద్ధం ఆడటానికి సిద్ధంగా లేరు. "మంచాల. టైలర్ కిష్టయ్య బిడ్డను," అన్నాను.

"అయితే మా అమ్మ నీకు దగ్గర్నే. చూసినవ్ గద ఆ దినం. ఏ చీర కట్టుకున్నది?" మల్లేశు ముఖంలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నాడు. నా నోటి వరకు ఒక రంగు వచ్చింది, ఏ రంగో ఇప్పుడు గుర్తు లేదు. ఆ రంగు చెబితే గంటలో ఆయన ఇంటికి వెళ్లి తల్లిని అడుగుతాడు. చెప్పకపోతే ఇక్కడే ఉన్నాడు. రెండు వైపులా భయమే. ఏది పెద్దదో ఆలోచించే ఓపిక కూడా లేక, "నేను పోలే. కంప దాక వచ్చి తిరిగిపోయిన. ఆమె పిలిచింది, అయినా పోలే. భయమై," అనేశాను.

"ఎవలను చూసి భయం?"

"నిన్ను చూసి."

"నేను జైల్ల ఉంటి గదా చెల్లె. ఇంట్ల మా అమ్మనే గద ఉన్నది." అని లేచి నిలబడ్డాడు. నేను గోడకు అతుక్కుపోయాను. సంచి తీసుకుని, "నడువు, ఇప్పుడు చూద్దువు," అన్నాడు.

మంచాల బస్సులో నేను, సార్ ముందు సీట్లో కూర్చున్నాం. మల్లేశు మా వెనక సీట్లో. నేను రోజూ ఎక్కే బస్సే, కండక్టరు నన్ను పలకరించాడు, టికెట్టు డబ్బులు చేతిలో పెట్టాను. దారంతా నా మెడ వెనక చర్మం మీద ఆయన ఊపిరి తగులుతున్నట్టే ఉంది, నిజంగా తగిలిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. సార్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, నాకొక్కదానికే వినపడేట్టు, "తప్పు నాది గూడ ఉన్నది బేటీ. మొదటి దినమే చిలకను ఎనకకు తిప్పిచ్చి నవ్వుకున్న. నీకు భయం నేర్పిందే నేను," అన్నారు. మా ఊరు వచ్చింది. నాన్న దుకాణం కిటికీలోంచి వెళ్లిపోయింది. మిషను మీద వంగిన తల కనిపించింది. మల్లేశు కూడా అటే చూశాడా? వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

కంప ఆయనే పక్కకు జరిపాడు. నన్ను ముందు నడవమన్నాడు. లోపల మంచం మీద లచ్చవ్వ ఎంత చిన్నగా ఉందంటే, దుప్పటి కింద మనిషి ఉందని మొదట తెలియలేదు. మూత్రం వాసన, కిరసనాయిలు వాసన. ఈ ముసలామెనా నన్ను చెప్పు తెగేట్టు పరుగెత్తించింది అనిపించి, నా మీద నాకు రోత పుట్టింది. ఆమె కళ్లు చికిలించి చూసింది. నన్ను దాటి, సార్‌ను దాటి, కొడుకును చూసింది. పన్నెండేళ్ల తర్వాత చూస్తోంది. ఆయన ముఖం కంటే ముందు, మీసం లేని పెదవిని, గుండును చూసింది. "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగింది.

మల్లేశు గుండు మీద చెయ్యి పెట్టుకున్నాడు. సార్ తల దించుకున్నారు. ఆ ఇంట్లో ఆ మాటకు బదులు చెప్పాల్సింది నేనొక్కదాన్నే అని నాకు తెలిసింది. మంచం పక్కన కూర్చున్నాను.

"ఎవ్వలు పోలే అవ్వా. నేను తప్పు రాసిన. నువ్వు పిలిచిన దినం కంప కాడికొచ్చింది నేనే. నిన్ను చూడకుంట చూసిన్నని రాసిన. మూల చింపిన. ఆయన నువ్వే పోయినవనుకున్నడు."

లచ్చవ్వ చాలాసేపు నా ముఖంలోకి చూసింది. అర్థమయిందో లేదో అనుకున్నాను. తర్వాత ఎండిన చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసి నా మోచెయ్యి పట్టుకుంది. "అయితే నాకింక ఆయుష్షు పెరిగినట్టే తియ్," అంది. నవ్వించాలని అన్నదో, నిజంగానే అన్నదో తెలియదు. సార్ నవ్వారు. మల్లేశు నవ్వలేదు. నేను వస్తుంటే కంప దాకా వచ్చి నిలబడి, "మంచాల, టైలర్ కిష్టయ్య బిడ్డ. యాదికుంచుకుంట," అన్నాడు. అది మంచికన్నాడో, బెదిరించాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ పదిహేను రోజులు నాన్నను దుకాణంలో ఒంటరిగా వదలలేదు. పదహారో రోజు మల్లేశు తిరిగి జైలుకు వెళ్లాడని సార్ చెప్పాక ఇంటికి వచ్చి, జ్వరంతో మూడు రోజులు పడుకున్నాను.

ఆ తర్వాత సార్ నా చేత ఒక పని చేయించారు. బొమ్మల వెనక తాను రాసిన నేరాలన్నిటి మీదా తెల్లకాగితం అంటించమన్నారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు వెనక ఏముందని అడిగితే, "ముందట చూసుడు అయినంక చెప్త," అనేవారు. చాలామందికి చెప్పేవారు కాదు. రెండేళ్ల తర్వాత, నేను అక్కడ పని మానేశాక, సార్ బజారుకు పోయి వచ్చి లాల్చీ విప్పుతూ కుప్పకూలిపోయారు. నాకు ఫోనులోనే తెలిసింది.

నేనిప్పుడు ఒక పల్లె పోస్టాఫీసులో పనిచేస్తున్నాను. బట్వాడా కూడా నాదే. మా పనిలో ఒక చిన్న సౌకర్యం ఉంది. ఎండగా ఉన్నా, ఇల్లు దూరమైనా, ఇంటివాళ్లు నచ్చకపోయినా, వెళ్లకుండానే కవరు మీద "తలుపు వేసి ఉంది" అని రాసి తిప్పి పంపవచ్చు. ఎవరూ అడగరు. నేను ఇంతవరకు ఆ మాట వెళ్లకుండా రాయలేదు. గొప్పకు చెప్పడం లేదు. ప్రతిసారీ రాయాలనే అనిపిస్తుంది, ప్రతిసారీ లోపలి నుంచి ఒక ముసలి గొంతు పిలుస్తుంది, వెళ్తాను.

లచ్చవ్వ ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. మల్లేశు సత్ప్రవర్తన కింద విడుదలై ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ ఊరు నా బట్వాడాలోదే. పోయిన నెల ఆయన పేరున ఒక రిజిస్టర్ ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం వెళ్లాను. మీసాలు నెరిసి, అరుగు మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు, చేతిలో కత్తి. నన్ను గుర్తుపట్టాడో లేదో పైకి ఏమీ అనలేదు. కంప దాటి లోపలికి వెళ్లి ఉత్తరం ఇచ్చి, సంతకం పెట్టమని కాగితం చాపాను. కాగితం రెపరెపా వణికింది. ఆయన కత్తి కింద పెట్టి, నా చేతి వైపు చూశాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, వణుకును దాచలేదు. ఆయన సంతకం పెట్టేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.